దాళ్వా నీళ్లు

పెదమెరకలో ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు మంచిరోజు చూసుకుంటారు, తర్వాత మేస్త్రిని మాట్లాడుకుంటారు, ఆ వెంటనే కృపమ్మకి కబురు పెడతారు. కృపమ్మ ఇటుక పేర్చదు, సిమెంటు కలపదు. కట్టిన గోడకి నీళ్లు పోస్తుంది, మేస్త్రులు దాన్ని క్యూరింగు అంటారు. అదే ఆవిడ పని. ఎండ ఎక్కకముందు ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలుతుండగా ఒకసారి గోడలన్నీ తడుపుతుంది. పిల్లర్లకి గోనెపట్టాలు చుట్టి అవి ఆరిపోకుండా కనిపెట్టుకుని ఉంటుంది. శ్లాబు వేసిన మర్నాడు పైకెక్కి చిన్న చిన్న గట్లు కట్టి, వరి మడుల్లా చేసి, నీళ్లు నిలబెడుతుంది.

“కొత్త గోడకి దాహం ఎక్కువండి. తాగినన్నాళ్లు తాగనిచ్చేమా, నూరేళ్లు నిలబడుద్ది. అప్పుడు ఎండబెట్టేమా, ముసలితనంలో పగ తీర్చుకుంటుంది,” అంటుంది ఎవరడిగినా.

ఇరవై రెండేళ్ల కిందట ఆవిడా అందరిలాగే తట్టలు మోసేది. ఒక మేడ పనిలో పరంజా బల్ల జారి కింద పడితే కుడి భుజం పట్టు తప్పింది. నెల్లాళ్ల తర్వాత మళ్లీ తట్ట ఎత్తబోతే చెయ్యి లేవలేదు. ఇసకగుట్ట మీద కూర్చుని ఏడుస్తుంటే భర్త జీవరత్నం వచ్చాడు. తాపీమేస్త్రి, మాట పొదుపు మనిషి. నీళ్ల పైపు తెచ్చి ఆవిడ ఎడంచేతిలో పెట్టి, “ఇదీ పనే,” అన్నాడు. ఆ రోజు పట్టుకున్న పైపు కృపమ్మ ఇంతవరకూ వదల్లేదు. సొంత చెల్లెలి కూతురి పెళ్లిలో, చర్చిలో ప్రమాణాలయ్యి భోజనాలకి కూర్చోగానే, విస్తట్లో కోడికూర పడ్డాక లేచి వెళ్లిపోయింది. అందరూ కోపమొచ్చిందేమో అనుకున్నారు. అరగంటకి తడిసిన పట్టుచీరతో తిరిగొచ్చి, “శ్లాబు ఆరిపోతందండి మరి,” అని అదే విస్తరి ముందు కూర్చుంది.

అలాంటి మనిషికి ఈ ఏడు ఏప్రిల్లో పెద్ద చిక్కొచ్చిపడింది.

ఏటా ఆ నెలలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. గోదావరి నీళ్లు రావు. పెదమెరక సముద్రానికి దగ్గర. బోరు వేస్తే ఉప్పు నీళ్లు పడతాయి. ఆ నీళ్లతో పప్పు వండితే ఉప్పు డబ్బా తీయక్కర్లేదని ఊళ్లో వెటకారం. వాటితో గోడ తడిపితే వారం తిరక్కుండా తెల్లగా ఉప్పు పూస్తుంది, లోపల ఇనుము తుప్పు పడుతుంది. ఊళ్లో ఇక మిగిలేది పంచాయతీ కుళాయి ఒక్కటే. చెరువులో నిలవ పెట్టుకున్న మంచినీళ్లు రోజుకి గంటసేపు వదులుతారు.

కృపమ్మ అప్పుడు సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారింటికి నీళ్లు పోస్తోంది. ఆయన రాజోలు హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. పాత పెంకుటిల్లు ప్రతి వానకీ కారుతోందని, దాని పక్కనే రెండు గదుల డాబా మొదలుపెట్టారు. గోడలు కిటికీల ఎత్తుకి లేచేసరికి కాలువ ఎండింది. కృపమ్మ రెండు డ్రమ్ములు తోపుడుబండి మీద పెట్టుకుని పంచాయతీ కుళాయి దగ్గరికి వెళ్లింది. ఒక డ్రమ్ము సగం నిండిందో లేదో, ఆ వార్డు మెంబరు నాగబాబు వచ్చి పైపు తీసేశాడు.

“కృపమ్మా, ఇంత పెద్దదానివి, నీకు చెప్పాలా? వెనకాల పాతిక బిందెలున్నాయి. మనుషులు తాగేది తెచ్చి గోడలకి పోస్తావా?”

కృపమ్మ తల దించుకుంది. తిట్టినందుకు కాదు. వెనక్కి తిరిగి చూస్తే నిజంగానే పాతిక బిందెలున్నాయి. వాటి పక్కన చంకలో పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లున్నారు. పట్టిన సగం డ్రమ్మూ తన చేత్తోనే వాళ్ల బిందెల్లో పోసేసి, ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

వచ్చిన దారిన పోవడానికి సిగ్గేసి, ఊరి చివరనుంచి చుట్టూ తిరిగి వెళ్లింది. అక్కడ ఊళ్లోని మురుగుకాలువలన్నీ కలిసే బోదె ఉంది. కిందటేడు పంచాయతీవాళ్లు దాని చివర తొట్లు కట్టారు. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు ముందు కంకరలోంచి, తర్వాత ఇసకలోంచి, ఆ తర్వాత మెట్టతామర మొక్కల వేళ్లలోంచి జారి ఒక పెద్ద తొట్టిలోకి చేరతాయి. కృపమ్మ అటువైపు ఎప్పుడూ పోలేదు. మురుగు దగ్గరికి ఎవరు పోతారు? ఇప్పుడు చూస్తే మెట్టతామరలు ఎర్రగా, పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. తొట్టిలో నీళ్లు అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి.

గట్టు మీద పంచాయతీ సెక్రటరీ శరణ్య కూర్చుని, గాజుసీసాలో నీళ్లు పట్టి ఏదో మీటరు ముంచి చూస్తోంది. అమలాపురం పిల్ల. రోజూ స్కూటీ మీద వస్తుంది. ఊళ్లో కూలిపనివాళ్లని కూడా గారు చేర్చి పిలిచే మనిషి.

“ఇవెక్కడి నీళ్లండి, సెక్రటరీగారండి?” అంది కృపమ్మ.

“మీరు వాడి పారబోసినవే, కృపమ్మగారూ. శుభ్రం చేసేం. తాగడానికి పనికిరావు గానీ, ఇంకెన్నిటికో పనికొస్తాయి. రోడ్డు పక్కకి పైపు వేసి, ఎవరికి కావాలంటే వాళ్లు డ్రమ్ములకీ ట్యాంకర్లకీ పట్టుకెళ్లేలా స్టేషను పెడదామని పంచాయతీకి రాసేను. ఒకసారి వాయిదా పడింది. ఎల్లుండి మళ్లీ మీటింగుంది.”

“ఉప్పుందాండి వీటిలో?”

“బోరుతో పోలిస్తే ఏమీ లేనట్టే,” అని శరణ్య మీటరు చూపించింది. అందులో అంకెలు కృపమ్మకి బోధపడలేదు. మీటరు చెప్పే మాట మీద గోడ కట్టే రకం కాదు ఆవిడ. మాస్టారింటి దగ్గర్నుంచి మూడు కొత్త ఇటుకలు తెచ్చింది. ఒకటి బోరు నీళ్లలో, ఒకటి ఇంట్లో బిందెలోని కుళాయి నీళ్లలో, ఒకటి తొట్టి నీళ్లలో. రోజూ నానబెట్టి, రోజూ ఎండబెట్టింది.

రెండ్రోజుల తర్వాత జరిగిన మీటింగుకి కృపమ్మని ఎవరూ పిలవలేదు. అయినా పంచాయతీ ఆఫీసు అరుగు మీద, కిటికీ కింద కూర్చుంది. లోపల మాటలన్నీ వినబడుతున్నాయి. నీళ్లు మంచివా కాదా అన్న సంగతి పది నిమిషాల్లో అయిపోయింది. స్టేషను దగ్గర బోర్డు మీద ఏం రాయాలన్న దగ్గర మాత్రం బండి దిగబడింది.

“మురుగునీటి కేంద్రమని రాయండి. ఉన్నమాటేగా,” అన్నాడు నాగబాబు. “ఒక్కడొచ్చి పట్టుకెళ్తే నన్నడగండి.”

“శుద్ధజలం అని రాస్తే గౌరవంగా ఉంటుంది కదండి,” అన్నారు ఇంకెవరో.

“ఆయ్, చాలా గౌరవంగా ఉంటుంది. మినరల్ వాటరనుకుని బిందెలు పట్టుకొస్తారు. రేపు మా వార్డులో పిల్లలకి వాంతులయితే మీరు తీసుకెళ్తారా ఆసుపత్రికి?” అన్నాడు నాగబాబే.

శరణ్య గొంతు సన్నగా వినబడింది. “పునర్వినియోగ జల వితరణ కేంద్రం అందామాండీ?”

 కొత్తగా ఎన్నికైన సర్పంచి గంగాధరరావు అందుకున్నాడు. పదెకరాల కొబ్బరితోట ఉన్న రైతు, పెద్దమనిషి. “అది పలికేలోపు డ్రమ్ము నిండిపోద్దమ్మా,” అన్నాడు.

అందరూ నవ్వేశారు. నవ్వు ఆగేసరికి టీలొచ్చాయి. టీలయ్యేసరికి ఈ సంగతి గ్రామసభలో పెడదామని తేల్చారు. కిటికీ కింద కృపమ్మకి ఒళ్లు మండిపోయింది. అక్కడ గోడలు దాహంతో చస్తుంటే వీళ్లకి బారసాల కావలసి వచ్చిందా?

ఇంటికెళ్లి మొగుడితో అదే అంది. జీవరత్నం అన్నం కలుపుకుంటూ విన్నాడు. “నువ్వే చెప్పు సభలో,” అన్నాడు.

“నేనా? సభలోనా? నాకు కాళ్లు వణుకుతాయయ్యా!”

“గోడ పట్టుకుని నుంచో.”

ఏప్రిల్ ఇరవై నాలుగున, పొద్దున్న పదింటికి, పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి గ్రామసభ పెట్టారు. జనం బాగానే వచ్చారు. కాలువ ఎండిందంటే ఊళ్లో ప్రతివాడికీ చెప్పుకోవడానికి ఏదో ఒక బాధ ఉంటుంది. నీళ్ల స్టేషను సంగతి రాగానే గంగాధరరావు, “ఎవరైనా మాట్లాడతారా?” అని అడిగాడు. జీవరత్నం సంచీలోంచి మూడు ఇటుకలు తీసి బల్ల మీద వరసగా పెట్టి, వెనక్కెళ్లి కూర్చున్నాడు. ఇక కృపమ్మ లేవక తప్పలేదు. గోడ అందుబాటులో లేదు. షామియానా గుంజ పట్టుకుంది.

“అందరికీ దండాలండి. నాకు మాట్లాడ్డం రాదండి. ఇటుకలు చూపిస్తానండి. ఇదిగో, ఇది బోరు నీళ్లు తాగిన ఇటుక.”

ఆ ఇటుక ఉప్పుచేపలా తెల్లబారిపోయి ఉంది. ముందు వరసలోవాళ్లు మెడలు సాచి చూశారు.

“ఇది కుళాయి నీళ్లు తాగింది. ఇది మెట్టతామరల తొట్టి నీళ్లు తాగింది. ఈ రెండిటికీ తేడా ఎవరన్నా చెప్తే నేను కూర్చుంటానండి.”

నాగబాబు లేచి వచ్చాడు. రెండు ఇటుకలూ తిప్పి తిప్పి చూశాడు, వాసన చూశాడు. మూడో ఇటుక మీద వేలితో రాసి, ఉప్పుందేమోనని ఆ వేలు నాలిక దాకా తీసుకెళ్లాడు.

“తాగడానికి కాదండీ!” అని శరణ్య కుర్చీలోంచి అరిచింది.

సభంతా ఒక్కసారి గొల్లుమంది. నాగబాబు ముఖం ఎర్రబడింది గానీ ఆయన తక్కువవాడు కాడు. వేలు అలాగే పైకెత్తి జనం వైపు తిరిగాడు. “చూశారా! ఇంత గొడవ చేసిన నేనే మర్చిపోయేను. నాకే గుర్తు లేకపోతే బడిపిల్లలకేం గుర్తుంటుంది? నా భయం అదే కదండీ!”

నవ్వులు తగ్గాయి. అవునన్నట్టు కొందరు తలలూపారు. కృపమ్మ కూడా ఊపింది.

“బాబుగారన్నది నిజమేనండి. మొన్న కుళాయి దగ్గర నన్ను తిట్టింది కూడా నిజమేనండి. నేను మళ్లీ అటు పోలేదు. కానీ బాబుగారూ, కుళాయి పెడితే కదా దోసిలి పట్టేది? కుళాయే వద్దండి. శ్లాబుకి నీళ్లెక్కించే నాలుగంగుళాల పైపు పెట్టించండి. మోకాలి కిందకి వంచండి. తిప్పడానికి పెద్ద చక్రం పెట్టండి. దానికి నోరు పెట్టేదెవరండి? ఏనుగొచ్చి తాగాలి.”

ఈసారి నాగబాబు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. “మోకాలి కిందకి,” అన్నాడు శరణ్యతో. “అలాగే రాయండి. ఎర్రరంగు వేయించమని కూడా రాయండి.”

అప్పుడు వెనక వరసలోంచి సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారు చెయ్యెత్తారు. జనమంతా వెనక్కి తిరిగారు. మాస్టారు కాదంటే సగం మంది కాదంటారు.

“కృపమ్మా, ఇటుక సంగతి ఒప్పుకున్నాను. కానీ అవి నలుగురూ ఒళ్లు కడుక్కున్న నీళ్లు కదా. వాటితో గోడలు తడిపి, ఆ గోడల మధ్య దేవుడి పటం పెట్టుకోవాలంటే మనసు కొంచెం వెనకాడుతోంది. తప్పుగా అనుకోకు.”

“అనుకోనండి, మాస్టారండి. ఒక్క మాట అడుగుతాను. మీ పునాది నుంచి కిటికీల దాకా నేను పోసింది కాలవ నీళ్లేనా?”

“అవును, గోదావరి నీళ్లు.”

“ఆ గోదావరమ్మ మన ఊరొచ్చేలోపు ఎన్ని ఊళ్లు దాటి వచ్చిందండి? ఎన్ని గేదెలు మునిగేయండి? ఎంతమంది బట్టలుతికేరండి? మనం అడిగేమా? దారిలో ఇసకా మట్టీ కడిగేసుంటాయిలే అని ఊరుకున్నాం. ఇవీ ఇసకలోంచే వచ్చేయండి. కాకపోతే ఇవి మన ఊరి గేదెలు.”

మాస్టారు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. ఆయన భుజాలు కదులుతుంటే కోపమో నవ్వో తెలియక జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వే. పైకే నవ్వారు.

“నలభై ఏళ్లు శాస్త్రం చెప్పేను గానీ ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. సరే, గంగాధరరావుగారూ, మొదటి డ్రమ్ము మా ఇంటికే పంపండి. గృహప్రవేశానికి పుణ్యాహవచనం ఎలాగూ ఉంది. అది ఉన్నదే ఇలాంటి వాటికి కదా. ఆ మంత్రాలకీ కొంచెం పని ఉండాలి.”

చప్పట్లు కొట్టారు. గంగాధరరావు చేతులెత్తమనబోయి ఆగిపోయాడు. “అంతా బాగానే ఉంది. బోర్డు మీద పేరు? అది తేలకపోతే మళ్లీ టీలు తాగాల్సొస్తుంది.”

మళ్లీ గోల మొదలయింది. తలా ఒక పేరు చెప్పారు. కృపమ్మ గుంజ వదిలి కూర్చోబోతూ, విసుగ్గా, పక్కనున్న ఆడవాళ్లతో అన్నట్టు అంది.

“పేరుకేం కరువండి? మొదట వచ్చిన నీళ్లు తాగేం, తోముకున్నాం. అవి సార్వా. అవే నీళ్లు మళ్లీ చేతికొచ్చేయి. దాళ్వా నీళ్లంటే సరిపోదా?”

ఆ చుట్టుపక్కల ఏడాదికి రెండు పంటలు పండిస్తారు. వానలకి వేసేది సార్వా, దాని తర్వాత అదే చేలో వేసే రెండో పంట దాళ్వా. పాలేరు నుంచి భూస్వామి దాకా ఆ మాట తెలియనివాళ్లు లేరు. ముందు వరసలో ఒక ముసలి రైతు తొడ చరిచి, “దాళ్వా నీళ్లు!” అన్నాడు. రెండో వరస అందుకుంది. గంగాధరరావు తనలో తాను రెండుసార్లు అనుకుని చూశాడు. చేతులెత్తమని అడగనే లేదు. అప్పటికే అన్ని చేతులూ పైనే ఉన్నాయి. నాగబాబు రెండు చేతులూ ఎత్తాడు.

“తీర్మానంలో అలా రాస్తే పైవాళ్లు ఒప్పుకోరండీ,” అంది శరణ్య నవ్వుతూనే.

“కాగితం మీద నువ్వన్న పేరు రాసుకో తల్లీ. బోర్డు మీద కృపమ్మ అన్న పేరు రాయిద్దాం,” అన్నాడు సర్పంచి.

మూడు వారాల్లో పైపు పడింది. ఎర్రరంగు వేసి, మోకాలి కిందకి వంచారు. పైన పెద్ద బోర్డు, ‘దాళ్వా నీళ్లు’ అని. దాని కింద అంతే పెద్ద అక్షరాలతో ‘తాగరాదు’ అని. ఆ రెండో మాట పెయింటరు పక్కన నిలబడి నాగబాబు స్వయంగా రాయించాడు.

ప్రారంభం రోజు గంగాధరరావు కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, చక్రం తిప్పమని కృపమ్మని పిలిచాడు. వద్దంటున్నా వినలేదు. చుట్టూ ఆటోలు కడుక్కునేవాళ్లు, కొబ్బరిపీచు తడుపుకునేవాళ్లు, మొక్కల నర్సరీవాళ్లు డ్రమ్ములేసుకుని నిలబడ్డారు. కృపమ్మ ఎడంచేత్తో చక్రం పట్టుకుని ఒక తిప్పు తిప్పింది. ఏమీ రాలేదు. రెండు తిప్పులు. పైపు గుర్రుమంది. మూడో తిప్పుకి కింద మూతిలోంచి రావాల్సిన నీళ్లు పై అతుకు ఊడి అక్కణ్నుంచి చిమ్మి, గొడుగులా విచ్చుకుని, సర్పంచినీ మెంబర్లనీ దండలతో సహా నిలువునా తడిపేశాయి.

అరుపులు, పరుగులు. చక్రం బిగుసుకుపోయి తిరగలేదు. జీవరత్నం దూకి పైపు మీద గోనెపట్టా చుట్టి పట్టుకునేదాకా ఆ వాన కురుస్తూనే ఉంది. తెల్ల లాల్చీ ఒంటికి అతుక్కుపోయి నాగబాబు నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. అందరూ ఆయన ఏమంటాడో అని చూస్తున్నారు. ఆయన మెల్లిగా లాల్చీ చేతిమడత ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. మళ్లీ పీల్చాడు.

“వాసన లేదే!” అన్నాడు.

ఆ మాటతో జనం డ్రమ్ములు వదిలేసి నవ్వారు. మే నెల ఎండకి చల్లగా ఉందేమో, బాగుచెయ్యడానికి మనిషొచ్చేదాకా కొందరు గోనెపట్టా సందుల్లోంచి కారుతున్న జల్లు కిందే నిలబడ్డారు. గంగాధరరావు తల తుడుచుకుంటూ, “మనకి క్యూరింగు చేసేవా కృపమ్మా?” అన్నాడు.

“ఆయ్. కొత్త సర్పంచిగారు కదండి, గట్టిపడతారని,” అంది కృపమ్మ. అని, అంత మాట అన్నందుకు నాలిక కరుచుకుంది. ఆయన మాత్రం ఆ మాట ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

మధ్యాహ్నానికి అతుకు బిగించారు. మొదటి రెండు డ్రమ్ములూ మాస్టారింటికే వెళ్లాయి. మాస్టారు కొబ్బరాకు పందిరి కింద కుర్చీ వేసుకుని, పేపరు మడిచి పక్కన పెట్టి, కృపమ్మ తడుపుతున్నంతసేపూ చూస్తూ కూర్చున్నారు. నెలరోజులుగా ఎండిన ఇటుకలు నీళ్లు తగలగానే సన్నగా బుసబుసమన్నాయి. కింది వరస నుంచి పై వరస దాకా రంగు ముదిరింది. కృపమ్మ గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది.

“ఏమంటోంది?” అన్నారు మాస్టారు.

“ఇంకా పొయ్యమంటోందండి.”

జూన్లో కాలువలు వదిలారు. అయినా స్టేషను దగ్గర బండ్లు తగ్గలేదు. కాలువ గట్టు దిగి తోడుకోవడం కంటే చక్రం తిప్పడం సుఖమని జనానికి తెలిసిపోయింది. పక్క ఊరి పంచాయతీలో కూడా ఇదే చర్చ మొదలైంది. అక్కడ రెండు మీటింగులు అయ్యాయి, రెండూ వాయిదా పడ్డాయి. ఒకరోజు ఆ ఊరి సర్పంచి నుంచి శరణ్యకి ఫోనొచ్చింది. కాగితాలు మీరు పంపండి గానీ, మనిషిని మాత్రం ఆవిణ్ణే పంపండి అన్నారట.

మర్నాడు పొద్దున్నే మాస్టారి గోడలకి మొదటి తడి ఇచ్చేసి, ఆదివారం చర్చికి కట్టుకునే నీలం చీర కట్టుకుని కృపమ్మ సెంటర్లో నిలబడింది. జీవరత్నం కూడా పని మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆటో ఆగింది.

“ఎక్కడ పనండి ఇవాళ?” అన్నాడు డ్రైవరు, వాళ్లిద్దరినీ చూసి.

“పని కాదు బాబూ, మీటింగుంది,” అంది కృపమ్మ. ఎక్కి కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మొగుడికి చోటిచ్చింది. “తొందరగా పోనియ్యి. మధ్యాహ్నం తడికి తిరిగొచ్చెయ్యాలి.”